ఇంటిపేరు

రాజోలు బస్టాండు పక్క కొట్లో
కువైట్ వెళ్ళే ఆడాళ్ళందరికీ ఒకటే పెట్టె అమ్ముతారు.
నీలంది. నాలుగు చక్రాలు.
మద్రాసులో బస్సు డిక్కీ తెరిచేసరికి
నాదానికి మూడే మిగిలాయి.
కుంటి మేకని సంతకి తోలినట్టు
విమానం దాకా ఈడ్చుకుపోయాను.

తనిఖీలో కుర్రాడు, తెలుగొచ్చినవాడే,
కొబ్బరినూనె సీసా తీసి పక్కన పెట్టాడు.
తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటానన్నాను.
రెండేళ్ళు దాచాలి కదమ్మా, అన్నాడు నవ్వకుండా.

అక్కడ దిగాక
చెయ్యి చాపితే దానంతటదే కురిసే కుళాయి.
ఆ వింతకి గుప్పిట విప్పేశాను.
గుప్పిట్లోనే ఉంది
నన్ను తీసుకెళ్ళేవాళ్ళ పేరూ ఫోన్ నంబరూ.
అరచేతి నిండా నీలం సిరా,
చదివేందుకు ఒక్క అంకె లేదు.

కుర్చీల వరసలో కూర్చోబెట్టారు, పదిహేనుమందిమి.
ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు.
తెల్లారిందో లేదో ఆ దీపాల్లో తెలీదు.
తెల్లటి పొడుగు చొక్కాయన వచ్చి
కాగితం చూసి, "నూకా... రత్నం?" అన్నాడు.
నేనే, అని లేచాను.
అబద్ధమాడలేదు.
గెడ్డం నూకరత్నాన్ని నేను.
ఆయనకి కావలసింది పెచ్చెట్టి నూకరత్నం.
ఆ పిల్ల అప్పుడు ఆ కుళాయి దగ్గరే ఉందట,
చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి.
కిటికీలో పోలీసు నా పేరు సగమే చదివాడు.
ఇంటిపేరుతో వాళ్ళకేం పని?
అదొక్కటి చూసుంటే
ఇల్లు మారేది కాదు.

జహ్రాలో ఇల్లు.
గోరింట జుట్టు ముసలమ్మ మంచం మీంచి
వేలితో గాలిలో కప్పు గీసింది.
టీ పెట్టాను. పంచదార చూసి మొహం తిప్పేసింది.
మళ్ళీ పెట్టాను, ఏలక్కాయ దంచి.
తాగి, గాజుగ్లాసు గోటితో టక్కున కొట్టి
"జేన్" అంది.
బాగుందనో, చాలనో.
మెట్ల కింద గది చూపించారు.
మేకుకి తువ్వాలు తగిలించాను.
ఇంక ఇదే మనది అని
తువ్వాలు తగిలించాకే కదా అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఫోన్లు, అరుపులు,
పాస్‌పోర్టు ఓసారి, నా మొహం ఓసారి.
ఆ ఇంట్లో ఈ నూకరత్నానికి
నూకలు ఒక్క పూటకే.

పెట్రోలు బంకు దగ్గర మార్చారు మమ్మల్ని.
ఎండకి నేల మీద గాలి వణుకుతోంది.
ఈ కారులోంచి నేను,
ఆ కారులోంచి పాతికేళ్ళ పిల్ల, కళ్ళు ఉబ్బి.
"ఏ ఇంటోరండీ మీరు?" అంది.
"గెడ్డమోళ్ళం. మీరు?"
"పెచ్చెట్టోరం."
ఇద్దరికీ నవ్వాగలేదు.
డ్రైవర్లు మమ్మల్ని చూసి
వీళ్ళకి ఎండదెబ్బ తగిలిందనుకునుంటారు.

ఒక్క నిమిషం ఇచ్చారు.
"ముసలమ్మకి పంచదార వద్దు.
ఏలక్కాయ పొట్టుతోనే దంచు.
పైనించి మూడో మెట్టు జారుద్ది.
నా తువ్వాలు మేకుకే ఉండిపోయింది, నువ్వే వాడుకో."
"మీ ఇంట్లో ఆరుగురు పిల్లలండీ.
ఆఖరోడికి జొరం. పొద్దుట్నించీ నా కొంగు వదల్లేదు.
మందు మింగడు, అరిటిపండులో పెట్టండి.
పేరడిగితే నూకా అని చెప్పాను,
మీకూ అదే కదా, సరిపోద్ది."
యల్లా, యల్లా.
ఒక డిక్కీ తెరిచారు, ఇంకోటి మూశారు.

ఇంటి ముందు కారాగగానే
"నూకా!" అంటూ
చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు వాడు.
నా మొహం చూసి ఆగాడు.
పక్కకి వంగి నా వెనక చూశాడు.
కారు ఖాళీ.

ఏం చెయ్యాలో తోచక పెట్టె లాగాను.
మెత్తగా వచ్చేసింది, కుంటకుండా.
వంగి చూశాను.

నాలుగు చక్రాలూ ఉన్నాయి.